ఇరిడియం ప్లగ్, హై ఔట్‌పుట్ కాయిల్, రేసింగ్ సీడీఐ: మీ బండికి నిజంగా కావలసింది ఏది?

పొద్దున్నే నాలుగైదు కిక్కులు కొడితే గానీ బండి అందుకోదు. లేదా వాన పడితే చాలు, మిస్ కొడుతుంది. లేదా అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇంకాస్త పికప్ ఉంటే బాగుండనిపిస్తుంది. వీటిలో ఏ బాధ చెప్పినా ముందు వినిపించే సలహా ‘ఇరిడియం ప్లగ్ వేసెయ్’ అనే. ఆ తర్వాత ఒకరు కాయిల్ (ప్లగ్‌కి కావలసిన వేల వోల్టులు తయారుచేసే భాగం) మార్చమంటారు, ఇంకొకరు రేసింగ్ సీడీఐ (స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే ఎలక్ట్రానిక్ డబ్బా) అంటారు, చివరికి ఏది ఎందుకు కొంటున్నామో తెలియకుండానే రెండు మూడు వేలు ఖర్చయిపోతాయి.

నా పల్సర్ 150 విషయంలో ఇదే జరిగింది. ఒక వానాకాలం మొత్తం అది మిస్ కొడుతూనే ఉంది. ముందు రెండు మామూలు ప్లగ్గులు మార్చాను, తగ్గలేదు. తర్వాత రెండు ఇరిడియం వేశాను, వారం రోజులు బాగున్నట్టే అనిపించి మళ్లీ మొదలైంది. చివరికి ఒక రాత్రి పార్కింగ్‌లో లైట్లన్నీ ఆపేసి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్ మీద కొంచెం నీళ్లు చిలకరించి చూస్తే, ప్లగ్ క్యాప్ రబ్బరు పగిలిన చోటు నుంచి నీలం రంగు మెరుపు ఇంజిన్ మీదకు దూకుతూ కనిపించింది. ప్లగ్గుకు పోవలసిన కరెంట్ దారిలోనే కారిపోతోంది. ఒక ప్లగ్ ధర కూడా లేని ఆ క్యాప్ మార్చిన రోజు నుంచి మళ్లీ మిస్ కొట్టలేదు. ఈ పరీక్ష మీరూ చేయవచ్చు, కాకపోతే నడుస్తున్న ఇంజిన్ వైర్లను చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, షాక్ గట్టిగానే కొడుతుంది.

అందుకే ఈ వ్యాసంలో ఏ బ్రాండ్ మంచిది అనే దానికన్నా ముందు, ఏ భాగం ఏ పని చేస్తుంది, ఎవరి బండికి ఏది పనికొస్తుంది అనేది చెప్తాను.

## ముందు ఒక అపోహ తీసేద్దాం

ప్లగ్ గానీ కాయిల్ గానీ కొత్తగా పవర్ పుట్టించవు. పవర్ పెట్రోల్, గాలి కలిసి మండడం నుంచి వస్తుంది. ఆ మిశ్రమాన్ని ప్రతిసారీ సరైన క్షణంలో అంటించడమే ఇగ్నిషన్ పని. అది ఇప్పటికే సరిగ్గా అంటుకుంటుంటే, ఇంకా ఖరీదైన స్పార్క్‌తో అంటించినా మంట పెద్దది కాదు. అంటుకోకుండా కొన్ని తప్పిపోతుంటే మాత్రం, ఆ పోతున్న పవర్‌ని మంచి ఇగ్నిషన్ తిరిగి తెస్తుంది. ‘ఇరిడియం వేశాక బండి ఎగిరిపోతోంది’ అనేవాళ్లలో చాలామంది తీసేసింది బాగా అరిగిపోయిన పాత ప్లగ్‌ని. అక్కడ వంద రూపాయల కొత్త ప్లగ్ వేసినా దాదాపు అదే తేడా వచ్చేది.

కాయిల్ డబ్బా మీద రాసే వోల్టుల లెక్క కూడా ఇలాంటిదే. ఊరి చెరువు గుర్తు తెచ్చుకోండి. అలుగు ఎంత ఎత్తులో ఉంటే నీళ్లు అంతవరకే ఎక్కుతాయి, తర్వాత అలుగు మీదుగా పారిపోతాయి. కట్టను ఇంకో పది అడుగులు లేపినా నీటి మట్టం పెరగదు. ప్లగ్ గ్యాప్, అంటే ప్లగ్ కొన దగ్గర స్పార్క్ దూకే ఖాళీ, ఆ అలుగు లాంటిది. గ్యాప్ దాటడానికి 12 వేల వోల్టులు చాలంటే స్పార్క్ అక్కడే దూకేస్తుంది, మీ కాయిల్ 40 వేల వోల్టులు ఇవ్వగలిగినా సరే. మిగిలినది అవసరం పడితే వాడుకునే నిల్వ మాత్రమే. గ్యాప్ పెరిగితే, ప్లగ్ కొన అరిగి గుండ్రంగా మారితే, ఇంజిన్ కంప్రెషన్ పెంచితే ఆ అలుగు ఎత్తు పెరుగుతుంది, అప్పుడే పాత కాయిల్ చాలకపోవచ్చు. కొన సన్నగా పదునుగా ఉంటే అలుగు ఎత్తు తగ్గుతుంది, ఇరిడియం ప్లగ్ వెనకున్న అసలు కిటుకు అదే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, మీ బండిలో ఏ రకం ఇగ్నిషన్ ఉంది అనేది. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్లు, చాలా యెజ్డీలు, పాత రాజ్‌దూత్‌లు పాయింట్లు (క్యామ్ తిరిగేకొద్దీ తెరుచుకుని మూసుకునే చిన్న లోహపు స్విచ్), కండెన్సర్‌తో నడిచేవి. ఆర్‌ఎక్స్ 100, స్ప్లెండర్, బీఎస్6 కాలుష్య నిబంధనల కన్నా ముందటి పల్సర్‌ల లాంటివి సీడీఐ బండ్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక చాలా బండ్లు ఫ్యుయెల్ ఇంజెక్షన్‌కి మారాయి, వాటిలో స్పార్క్ టైమింగ్ కూడా ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, చేతిలోనే ఉంటుంది. ఈ మూడు రకాలకూ ఒకే సలహా చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

రెండోది, ఇంజిన్ కంపెనీ ఇచ్చినట్టే ఉందా, లేక బోర్ పెంచడం, హెడ్ లెవెల్ చేయించడం, పెద్ద కార్బొరేటర్ బిగించడం లాంటివి చేశారా అనేది.

మూడోది, ఎలా నడుపుతారు. ఆఫీసుకి రోజూ ఆరు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో వెళ్లొచ్చే బండి వేరు, హైదరాబాద్ నుంచి విజయవాడకు హైవే మీద ఆగకుండా పరిగెత్తే బండి వేరు. మొదటిదానికి మసి పట్టే బాధ, రెండోదానికి వేడి బాధ.

నాలుగోది, మీరు తీర్చుకోవాలనుకుంటున్న సమస్య ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలరా? చెప్పలేకపోతే ఇంకా ఏదీ కొనకండి.

## ప్లగ్ మీద రాసిన అక్షరాలు ఏం చెప్తాయి

కొనేముందు ఇది రెండు నిమిషాల్లో నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. ఎన్‌జీకే వాళ్ల సీపీఆర్8ఈఏ-9 అనే కోడ్ తీసుకుందాం. మొదటి ‘సీ’ అంటే మరల వ్యాసం 10 మి.మీ., అదే ‘డీ’ అయితే 12, ‘బీ’ అయితే 14. ‘పీ’ అంటే లోపలి తెల్లటి పింగాణీ ముక్కు కొంచెం ముందుకు వచ్చిన రకం. ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 8 అనేది హీట్ రేంజ్. ‘ఈ’ అంటే మరల పొడవు 19 మి.మీ., ‘హెచ్’ అయితే 12.7. చివరి 9 అంటే గ్యాప్ 0.9 మి.మీ.

వీటిలో మరల వ్యాసం తప్పితే ప్లగ్ అసలు ఎక్కదు కాబట్టి ప్రమాదం లేదు. పొడవు తప్పితేనే ప్రమాదం. 12.7 పొడవు ఉండాల్సిన చోట 19 మి.మీ. ప్లగ్ వేస్తే పిస్టన్‌కో వాల్వ్‌కో తగలవచ్చు. పొట్టిది వేస్తే ఖాళీగా మిగిలిన మరల్లో మసి పేరుకుపోయి, తర్వాత సరైన ప్లగ్ ఎక్కించాలన్నా ఎక్కదు.

హీట్ రేంజ్ గురించి చాలామంది పొరపడతారు. హాట్ ప్లగ్ అంటే వేడి స్పార్క్ ఇచ్చే ప్లగ్ కాదు. ప్లగ్ కొన తన వేడిని ఇంజిన్ హెడ్‌కి ఎంత నెమ్మదిగా వదులుతుందో చెప్పే లెక్క అది, త్వరగా వదిలేది కోల్డ్ ప్లగ్. కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే దాని మీది మసి కాలిపోదు, పేరుకుపోయి ప్లగ్ షార్ట్ అవుతుంది. 850 దాటితే స్పార్క్ రాకముందే ఆ ఎర్రటి కొన వల్లే పెట్రోల్ అంటుకుంటుంది, అలా కొనసాగితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. ఈ రెంటి మధ్య ఉంచడమే హీట్ రేంజ్ పని.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే కోల్డ్ ప్లగ్, బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే హాట్ ప్లగ్. ఎన్‌జీకే 7కి డెన్సోలో 22, 8కి 24 సమానం. కాబట్టి బ్రాండ్ మారేటప్పుడు అంకెను అంకెతో పోల్చొద్దు, ఆ కంపెనీ ఇచ్చే పట్టికలో మీ బండి మోడల్ చూసి తీసుకోండి. మన పాత మెకానిక్‌లు ఇప్పటికీ ‘మైకో ప్లగ్’ అంటుంటారు, అది బాషే, ఇక్కడి కంపెనీ పేరు 2008లో మైకో నుంచి బాష్‌గా మారింది.

‘మన ఎండలకు ఒక నంబర్ కోల్డ్ ప్లగ్ వేసుకో’ అనే సలహా కూడా తరచూ వింటాను. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు ఉండొచ్చు, కానీ ప్లగ్ కొన పని చేసేది వందల డిగ్రీల్లో. బయటి గాలిలో పది, పదిహేను డిగ్రీల తేడా కోసం హీట్ రేంజ్ మార్చనవసరం లేదు. మాన్యువల్‌లో ఉన్న నంబరే వేయండి.

## ఒక్కొక్కటిగా చూద్దాం

### మామూలు నికెల్ ప్లగ్

మన బండ్లలో ఎక్కువ వాటికి కంపెనీ నుంచి వచ్చేది ఇదే. ధర సుమారు వంద, నూట యాభై రూపాయలు. ప్రతి సర్వీసులో గ్యాప్ చూసుకుంటూ, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు, చాలా బండ్లకు అది పది వేల అటూ ఇటూ, మార్చేస్తే దీనితో ఏ ఇబ్బందీ ఉండదు. మసి పడితే శుభ్రం చేసి, గ్యాప్ సరిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏ చిన్న ఊరిలోనైనా దొరుకుతుంది. కరీంనగర్ దాటి మంథని వైపు వెళ్తుండగా బండి ఆగిపోతే, అక్కడి షాపులో దొరికేది ఈ ప్లగ్గే.

కాలం గడిచేకొద్దీ మధ్య ఎలక్ట్రోడ్ అంచులు అరిగి గుండ్రమవుతాయి, గ్యాప్ పెరుగుతుంది. ఇది మెల్లగా జరుగుతుంది కాబట్టి నడిపేవాళ్లకు తెలియదు, అదే దీని లోపం.

### ఇరిడియం ప్లగ్

ఇరిడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, నికెల్ 1,455 దగ్గరే కరుగుతుంది. అంత గట్టి లోహం కాబట్టే మధ్య ఎలక్ట్రోడ్‌ని దారంలా సన్నగా చేయగలుగుతారు. ఎన్‌జీకే ఇరిడియం ఐఎక్స్‌లో ఆ కొన 0.6 మి.మీ., డెన్సో ఇరిడియం పవర్‌లో 0.4 మి.మీ. మామూలు ప్లగ్‌లో అదే 2 మి.మీ. పైనే ఉంటుంది. కొన సన్నబడితే స్పార్క్ తక్కువ వోల్టేజీకే దూకుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్న చలికాలపు పొద్దునా, కాయిల్ కాస్త బలహీనపడ్డ పాత బండిలోనూ ఈ తేడా నిజంగా కనబడుతుంది. ఐడిలింగ్ కూడా కొన్ని బండ్లలో నిలకడగా ఉంటుంది. నేను దీన్ని ఇష్టపడేది ఈ రెండు కారణాలకే, పికప్ కోసం కాదు.

ధర నికెల్‌కు అయిదారు రెట్లు. మన్నిక రెండు మూడు రెట్లు. అంటే కిలోమీటరు లెక్కన చూస్తే నికెల్‌దే చవక. మీరు డబ్బు పెట్టేది సులువైన స్టార్టింగ్‌కి, మాటిమాటికీ ప్లగ్ విప్పే పని తగ్గడానికి.

ఒక జాగ్రత్త ఉంది. మెకానిక్ అలవాటు ప్రకారం వైర్ బ్రష్‌తో రుద్దాడంటే ఆ సన్నటి కొన పోయినట్టే. గ్యాప్ సరిచేయాలన్నా పై కొక్కెం మాత్రమే మెల్లగా వంచాలి, మధ్య కొనకు ఏదీ ఆనించి నొక్కకూడదు. సర్వీసుకి ఇచ్చేటప్పుడు ‘అన్నా, ఇది ఇరిడియం, బ్రష్ పెట్టొద్దు’ అని ముందే చెప్పండి.

### ప్లాటినం, నాలుగు కొక్కేల ప్లగ్గులు

ప్లాటినం మన్నుతుంది, కానీ మన చిన్న బండ్లకు సరైన నంబర్‌లో దొరకడం కష్టం. నాలుగు కొక్కేలున్న ప్లగ్‌లో నాలుగు స్పార్కులు వస్తాయని కొందరు అమ్ముతారు. ఒకసారికి ఏదో ఒక కొక్కేనికే స్పార్క్ దూకుతుంది. అరుగుదల నాలుగింటికీ పంచుకుంటుంది, అంతే.

### ప్లగ్ క్యాప్, హెచ్‌టీ వైరు

హెచ్‌టీ వైరు అంటే కాయిల్ నుంచి ప్లగ్ క్యాప్‌కి వచ్చే లావు వైరు. ఈ మొత్తం జాబితాలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ సమస్యలు తీర్చేది ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. క్యాప్ లోపల సాధారణంగా 5 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. క్యాప్ విప్పి మల్టీమీటర్‌తో చూస్తే దాని దగ్గర్లో రీడింగ్ రావాలి. అసలు రీడింగే రాకపోయినా, క్యాప్ ఊపినప్పుడల్లా అంకె మారుతున్నా అది పోయినట్టే. వైరు చివర పచ్చగా తుప్పు పడితే, మరతో ఎక్కే క్యాప్ అయితే, ఒక అర సెంటీమీటరు కోసేసి మళ్లీ బిగించండి.

ఇంకో చిన్న విషయం చాలామందిని ఏడిపిస్తుంది. కొత్త ప్లగ్ పైన తిప్పి తీసే చిన్న నట్టు ఉంటుంది. కొన్ని క్యాపులకు అది ఉండాలి, కొన్నిటికి తీసేయాలి. పాత ప్లగ్‌కి ఎలా ఉందో చూసి అలాగే పెట్టండి, లేకపోతే క్యాప్ వదులుగా కూర్చుని గతుకుల్లో మిస్ కొడుతుంది.

### హై ఔట్‌పుట్ కాయిల్

అలుగు లెక్క మళ్లీ గుర్తు చేసుకోండి. కంపెనీ ఇంజిన్, సరైన గ్యాప్ ఉన్నంతకాలం దీనివల్ల నడకలో తేడా రాదు. కంప్రెషన్ పెంచిన ఇంజిన్‌కీ, ట్రాక్ మీద ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో నడిపేవాళ్లకీ ఇది అవసరమే.

రిస్క్ ఒకటుంది. సీడీఐ కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్, అంటే కరెంట్ ముందుగా వచ్చే చుట్ట రెసిస్టెన్స్, చాలా తక్కువ, ఒక ఓమ్ లోపే ఉంటుంది. పాయింట్లకూ, బ్యాటరీ మీద నడిచే ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్‌కూ వాడే కాయిల్‌లో అది కొన్ని ఓమ్స్ ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పెడితే స్పార్క్ సరిగా రాకపోవచ్చు, కొన్నిసార్లు దాన్ని నడిపే యూనిట్ కాలిపోతుంది. ‘ఏ బండికైనా సరిపోతుంది’ అని రాసి అమ్మే కాయిల్‌ని నేనైతే కొనను.

### రేసింగ్ సీడీఐ

ఇది రెండు పనులు చేస్తుంది: ఆర్‌పీఎమ్ పరిమితి ఎత్తేస్తుంది లేదా పెంచుతుంది, టైమింగ్ అడ్వాన్స్, అంటే స్పార్క్ ఎంత ముందుగా రావాలి అనేది, మారుస్తుంది. ఇంజిన్‌లో మిగతా పని చేయించి, దానికి తగిన అడ్వాన్స్ కావలసినప్పుడు ఇది నిజమైన అప్‌గ్రేడ్. కంపెనీ ఇంజిన్‌కి పెడితే మాత్రం, పై ఆర్‌పీఎమ్‌లో పీల్చుకోవడానికి గాలే చాలదు కాబట్టి పరిమితి ఎత్తేసినా అక్కడ పవర్ ఉండదు, వాల్వులకూ పిస్టన్‌కీ భారం మాత్రం పెరుగుతుంది. అడ్వాన్స్ ఎక్కువైతే మన మామూలు పెట్రోల్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో గలగలమని నాకింగ్ వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నాక కూడా అలాగే నడిపితే పిస్టన్ పోతుంది.

బీఎస్6 ఇంజెక్షన్ బండి అయితే ఈ ఎంపికే లేదు. అక్కడ విడిగా సీడీఐ ఉండదు, ఈసీయూలో మార్పులు చేయించడం అంటే వారంటీ, పొల్యూషన్ సర్టిఫికెట్ రెండూ చిక్కుల్లో పడే పని.

### పాయింట్ల నుంచి ఎలక్ట్రానిక్‌కి

పాత బుల్లెట్, యెజ్డీ ఉన్నవాళ్లకు నేను మనసారా చెప్పే అప్‌గ్రేడ్ ఇదే. పాయింట్లలో క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ మూసుకుపోతుంది, దాంతో టైమింగ్ వెనక్కి జరుగుతుంది, బండి బరువెక్కినట్టు అనిపిస్తుంది. కండెన్సర్ పోతే పాయింట్ల మీదే స్పార్క్ వచ్చి అవి గుంటలు పడతాయి. పాత బుల్లెట్‌లో ఆ గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంచాలి, అది ఉంచగలిగిన ఓపికున్న మెకానిక్‌లు తగ్గిపోతున్నారు.

ఎలక్ట్రానిక్ కిట్‌లో రాసుకునే భాగం లేదు. ఒకసారి టైమింగ్ సెట్ చేస్తే అలాగే ఉంటుంది. కానీ రెండు విషయాలు తెలుసుకుని దిగండి. ఒకటి, చాలా కిట్లకు ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ కావాలి, మీ బండి ఇంకా 6 వోల్టుల మీద ఉంటే ముందు ఆ సంగతి చూసుకోవాలి. రెండు, బుల్లెట్ ఆమ్‌మీటర్ ముల్లు మధ్యకు వచ్చిందో లేదో చూసి, డీకంప్రెసర్ పట్టుకుని కిక్ కొట్టే అలవాటు ఉంటుంది కదా, ఆ ముల్లు కదిలేది పాయింట్లు తెరుచుకోవడం వల్ల. చాలా కిట్లలో ఇంజిన్ తిరగనప్పుడు కాయిల్‌కి కరెంట్ ఆగిపోతుంది, కాబట్టి ముల్లు అలా చెప్పదు, కాలితో కంప్రెషన్ పసిగట్టడం నేర్చుకోవాలి. తీసేసిన పాయింట్లు, కండెన్సర్ ప్లేటుతో సహా జాగ్రత్త చేయండి. దారిలో కిట్ పోతే రిపేర్ ఉండదు, మార్చడమే. పాయింట్లయితే ఎమరీ పేపర్‌తో రుద్ది ఇంటికి చేరవచ్చు.

## ఒక్క చూపులో

| ఎంపిక | స్టార్టింగ్‌లో తేడా | కంపెనీ ఇంజిన్‌లో పికప్ | ఖర్చు | ముఖ్యమైన రిస్క్ |
|---|---|---|---|---|
| కొత్త నికెల్ ప్లగ్ | పాతది అరిగి ఉంటే బాగా | పోయినది తిరిగొస్తుంది | చాలా తక్కువ | తప్పు నంబర్, తప్పు పొడవు |
| ఇరిడియం | కొంత, పాత బండ్లలో ఎక్కువ | నికెల్ కొత్తదానంతే | నికెల్‌కు అయిదారు రెట్లు | నకిలీలు, వైర్ బ్రష్ |
| క్యాప్, వైరు | వానలో బాగా | మిస్ ఉంటే తీరుతుంది | చాలా తక్కువ | దాదాపు లేదు |
| హై ఔట్‌పుట్ కాయిల్ | కాయిల్ చెడిపోయి ఉంటేనే | లేదు | మధ్యస్థం | రెసిస్టెన్స్ కలవకపోతే యూనిట్ కాలడం |
| రేసింగ్ సీడీఐ | లేదు | దాదాపు లేదు | ఎక్కువ | నాకింగ్, ఇంజిన్‌కి భారం |
| పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ కిట్ | బాగా | నిలకడ వస్తుంది | ఎక్కువ | బ్యాటరీ మీద ఆధారం |

## మీరు ఎవరు అనేదాన్ని బట్టి

స్ప్లెండర్, షైన్ లాంటి బండి మీద రోజూ పనికి వెళ్లేవాళ్లు నికెల్ ప్లగ్‌తో ఉండండి. ఆ డబ్బుతో ఎయిర్ ఫిల్టర్ మార్చి, టాపెట్లు సెట్ చేయిస్తే మైలేజీలో కనబడే తేడా ప్లగ్ కన్నా ఎక్కువ ఉంటుంది.

పల్సర్ డీటీఎస్-ఐ, యూసీఈ ఇంజిన్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 లాంటి రెండు ప్లగ్గుల బండి ఉన్నవాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. ఒక ప్లగ్ చచ్చిపోయినా ఇంకోదానితో బండి నడుస్తూనే ఉంటుంది, పికప్ తగ్గి మైలేజీ పడిపోతుంది, మీరు కార్బొరేటర్‌ని తిట్టుకుంటూ ఉంటారు. అనుమానం వస్తే ఇంజిన్ ఆపి ఒక క్యాప్ తీసి, అందులో వేరే పాత ప్లగ్ గుచ్చి, ఆ ప్లగ్ లోహం ఇంజిన్‌కి గట్టిగా ఆనేలా కట్టి స్టార్ట్ చేయండి. హెడ్‌లోని ప్లగ్ మాత్రం దాని చోటే ఉండాలి. ఇంజిన్ నడిస్తే రెండోవైపు బాగున్నట్టు. ఇప్పుడు అటువైపు కూడా ఇలాగే చూడండి. క్యాప్‌ని ఊరికే గాలిలో వేలాడదీసి నడపొద్దు, కరెంట్ పోయే దారిలేక కాయిల్‌కీ సీడీఐకీ దెబ్బ. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే నంబర్‌వి మార్చండి. పల్సర్ 200 ఎన్‌ఎస్ అయితే మూడు ప్లగ్గులు, ఇరిడియం ఖర్చు మూడింతలవుతుందని ముందే లెక్క వేసుకోండి.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌ని ప్రేమగా ఉంచుకున్నవాళ్లు ఇరిడియం జోలికి పోవద్దని నా సలహా. ఆయిల్‌తో తడిసిన ప్లగ్‌ని తుడిచి మళ్లీ వేసుకోవడం ఆ బండితో ఎప్పుడూ ఉండే పని, దానికి నికెలే మేలు. బండి వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే ప్లగ్ మార్చుతూ పోకుండా మాగ్నెట్‌లోని కాయిల్ చూపించండి, ఏళ్లు గడిచాక వేడికి చుట్ట తెగడం వాటిలో మామూలే.

బీఎస్6 ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లు కంపెనీ చెప్పిన నంబరే వేయండి, కోడ్‌లో ‘ఆర్’ తప్పనిసరిగా ఉండాలి. రెసిస్టర్ లేని ప్లగ్ వేస్తే దాని అలజడి ఈసీయూ, డిజిటల్ మీటర్ల మీద పడుతుంది. అదే నంబర్‌లో ఇరిడియం దొరికి, లాంగ్ రైడ్లు ఎక్కువ చేస్తుంటే వేసుకోండి, మంచిదే.

ప్లగ్ విప్పినప్పుడల్లా ఆయిల్‌తో తడిగా ఉండే బండి అయితే, ముందు కంప్రెషన్ చూపించండి. రింగులు పోయి బోర్‌కొచ్చిన ఇంజిన్‌కి ఏ ప్లగ్ వేసినా వారంలో షార్ట్ అవుతుంది. పొడి మసి అయితే కారణాలు చోక్ పూర్తిగా ఆఫ్ కాకపోవడం, మురికి ఎయిర్ ఫిల్టర్, ఎక్కువ పెట్రోల్ ఇస్తున్న కార్బొరేటర్. ప్లగ్ పింగాణీ పాలిపోయి తెల్లగా, చిన్న బొబ్బలతో ఉంటే ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతోంది, అది వెంటనే చూడాల్సిన విషయం. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

## కొనేటప్పుడు, బిగించేటప్పుడు

నకిలీ ప్లగ్గులు చాలా తిరుగుతున్నాయి, ముఖ్యంగా ఇరిడియంలో. నేను ఒకసారి సగం ధరకు వస్తోందని తీసుకున్న ‘ఇరిడియం’ కొన నెల తిరక్కుండానే అరిగిపోయింది. అప్పటి నుంచి బండి కంపెనీ షోరూమ్‌లోనో, పుత్లీబౌలిలోనో ఆటోనగర్‌లోనో నాకు ఏళ్లుగా తెలిసిన షాపులోనో, బిల్లు తీసుకునే కొంటున్నాను. పింగాణీ మీది అచ్చు మసకగా ఉన్నా, మరలు గరుకుగా ఉన్నా, మధ్య కొన నేరుగా లేకపోయినా వెనక్కి ఇచ్చేయండి.

బిగించేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. విప్పేముందు ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్మును గాలి కొట్టి ఊదేయండి, లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూడండి, కొత్త ప్లగ్ అయినా సరే, డబ్బా కింద పడితే కొక్కెం వంగిపోతుంది. చేయి దూరని చోట ప్లగ్ తలకు ఒక జానెడు పెట్రోల్ పైపు ముక్క తొడిగి తిప్పండి, మరలు అడ్డంగా పడితే పైపు జారిపోతుంది గానీ హెడ్ పాడవదు. చేత్తో చివరిదాకా తిరిగాకే ప్లగ్ పానా పెట్టాలి. కొత్త ప్లగ్ అయితే వాషర్ నలగడానికి అక్కడి నుంచి సుమారు అర చుట్టు, వాడిన ప్లగ్ అయితే గడియారం ముల్లు అయిదు నిమిషాలు కదిలినంత. టార్క్ పానా ఉంటే 10 మి.మీ. ప్లగ్‌కి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు. అల్యూమినియం హెడ్‌లో మరలు పోతే హెడ్ విప్పి లేత్ షాపులో కొత్త మరల స్లీవ్ వేయించాలి, ఆ ఖర్చుతో పది ఇరిడియం ప్లగ్గులు వస్తాయి.

తీసిన పాత ప్లగ్ ఇంకా స్పార్క్ ఇస్తుంటే పారేయకండి. శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి, ప్లగ్ పానాతో పాటు సీటు కిందో టూల్ బాక్సులోనో పెట్టుకోండి. రాత్రిపూట ఊరు కాని ఊళ్లో బండి ఆగిపోతే, తప్పు ప్లగ్‌లో ఉందా ఇంకెక్కడో ఉందా అని అయిదు నిమిషాల్లో తేల్చేది అదే.